కుడి మోకాలి మార్పిడి తర్వాత మళ్లీ స్టీరింగ్ ఎప్పుడు పట్టాలి?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. నాన్నగారికి 64 ఏళ్లు. కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ అయి ఐదు వారాలైంది. ఇంట్లో కర్ర లేకుండానే తిరుగుతున్నారు, బయటికి వెళ్తే చేతికర్ర పట్టుకుంటున్నారు. వచ్చే వారం విజయవాడలో పెళ్లి. "డాక్టర్ గారు ఆరు వారాలన్నారు, అప్పటికి ఆరూ నిండుతాయి, హైదరాబాద్ నుంచి నేనే నడుపుతా" అంటున్నారు. కారు గేర్ల బండి. అమ్మగారు భయపడుతున్నారు. ఆయన్ని నడపనివ్వాలా, వద్దా?

నేను ఫిజియోథెరపిస్టును. ఇరవై రెండేళ్లుగా మోకాళ్లు, తుంటి మార్పిడి చేయించుకున్నవాళ్లతోనే నా పని. సూటిగా చెబుతున్నాను: ఈ పెళ్లికి ఆయన్ని డ్రైవింగ్ సీట్లో కూర్చోనివ్వకండి. పక్క సీట్లో కూర్చోబెట్టి తీసుకెళ్లండి. డాక్టర్ గారు చెప్పిన ఆరు వారాలు తప్పేమీ కాదు. కాకపోతే ఆరు వారాలు నిండిన రోజు నుంచి మెల్లగా మొదలుపెట్టి చూసుకోవచ్చని దాని అర్థం. ఆ రోజే 270 కిలోమీటర్ల హైవే ఎక్కమని కాదు. ఈ తేడా చాలా ఇళ్లలో పట్టించుకోరు. డిశ్చార్జి రోజు డాక్టర్ గారు అరనిమిషంలో చెప్పిన అంకె ఇంటికి వచ్చేసరికి ముహూర్తమైపోతుంది.

నాన్నగారు బాగా నడుస్తున్నారు కాబట్టి బాగానే నడపగలరని మీరూ అనుకుంటున్నట్టున్నారు. నడక వేరు, బ్రేక్ వేరు. నడిచేటప్పుడు కాలు మన తీరికను బట్టి కదులుతుంది. నొప్పి వస్తే ఆగుతాం, మెట్టు ఎత్తుగా ఉంటే గోడ పట్టుకుంటాం. బ్రేక్ దగ్గర ఆ తీరిక ఉండదు. పిల్లాడెవరో బంతి వెంట రోడ్డు మీదికి పరుగెత్తాడనుకోండి. యాక్సిలరేటర్ మీదున్న పాదం పైకి లేవాలి, ఎడమకు జరగాలి, బలమంతా పెట్టి బ్రేక్ తొక్కాలి. మూడూ ఆలోచించకుండా జరిగిపోవాలి. తొడ ముందుభాగంలో ఉండే పెద్ద కండరమే ఇందులో ముఖ్యం. మోకాల్లో వాపు ఉన్నంతకాలం ఆ కండరానికి నరాల నుంచి పూర్తి ఆదేశం అందదు. కండరం అక్కడే ఉంటుంది, పిలిస్తే మాత్రం ఆలస్యంగా పలుకుతుంది. దానికి తోడు గట్టిగా తొక్కితే నొప్పి పుడుతుందేమోనన్న భయం లోపల ఉంటుంది. మనిషికి తెలియకుండానే కాలు కాస్త వెనకాడుతుంది.

కొన్నేళ్ల కింద తెనాలి నుంచి ఒక రిటైర్డ్ మాస్టారు నా దగ్గరికి వచ్చేవారు. ఆయనకూ కుడి మోకాలే. నాలుగున్నర వారాలకే కర్ర పక్కన పెట్టేశారు. మోకాలు 110 డిగ్రీల దాకా వంగుతోంది, మెట్లు ఎక్కుతున్నారు. కారు నడపొచ్చని రాసిమ్మన్నారు. సరేనని ఆయన కారులోనే, ఆపి ఉన్న బండిలో, స్టీరింగ్ ముందు కూర్చోబెట్టి నేను పక్కన కూర్చున్నాను. యాక్సిలరేటర్ మీద పాదం ఆనించి ఉంచమన్నాను. వాళ్ల మనవడి చదువు గురించి మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో "బ్రేక్!" అన్నాను. ఆయన కుడి చెయ్యి స్టీరింగ్ వదిలేసింది. ప్యాంటును తొడ దగ్గర పట్టుకుని కాలిని పైకెత్తింది. పాదం బ్రేక్ మీదికి చేరింది కానీ సగమే ఆనింది. బూటు అంచు రెండు పెడళ్ల మధ్య ఇరుక్కుంది. చెయ్యి వాడిన సంగతి ఆయనకు తెలియనే తెలియదు. "నేను చెయ్యి పెట్టానా?" అని నన్నే అడిగారు. మళ్లీ చేశాం, మళ్లీ చెయ్యి వెళ్లింది. నెల రోజులుగా మంచం మీంచి కాలు దించేటప్పుడల్లా చేత్తో సాయం పట్టడం ఒంటికి అలవాటైపోయింది మరి. ఇంకో మూడు వారాలు ఆ తొడ కండరం మీదే పనిచేశాం. ఆ తర్వాత అదే బండిలో, అదే మాట వినగానే, రెండు చేతులూ స్టీరింగ్ మీదే ఉన్నాయి. అప్పుడు రాసిచ్చాను.

లెక్క కూడా చూడండి. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది, 80లో 22 మీటర్లు. బ్రేక్ మీదికి కాలు వెళ్లడం అర సెకను ఆలస్యమైతే, 80 వేగంలో బండి ఇంకో 11 మీటర్లు ముందుకు పోయాక గానీ బ్రేక్ పడటం మొదలవదు. అంటే దాదాపు మూడు చిన్న కార్ల పొడవు. ఇంట్లో కుర్చీలోంచి లేచేటప్పుడు అర సెకను ఆలస్యమైతే ఎవరి కంటా పడదు.

ఎన్ని వారాలకు ఆ వేగం తిరిగి వస్తుందన్నది చాలామంది పరిశీలించారు. 1990ల్లో కుడి మోకాలి వాళ్ల మీద జరిగిన పరిశీలనలో సడన్ బ్రేక్ సామర్థ్యం ఆపరేషన్‌కు ముందున్న స్థాయికి రావడానికి 8 వారాలు పట్టింది. ఆపరేషన్ పద్ధతులు, నొప్పి తగ్గించే పద్ధతులు మెరుగుపడ్డాక వచ్చిన పరిశీలనల్లో చాలామందికి 4 వారాలకే వచ్చేసింది. డాక్టర్లు 4 నుంచి 6 వారాలు అనడానికి ఆధారం ఇదే. అయితే ఆపరేషన్‌కు ముందున్న స్థాయి అంటే ఏమిటో ఆలోచించండి. అరిగిపోయిన మోకాలితో, నొప్పి భరిస్తూ నడిపిన రోజుల స్థాయి అది. మీ నాన్నగారు ఆపరేషన్‌కు ముందు ఆరేడు నెలలు బండి తీయకుండానే ఉన్నారా? అలాగైతే కాలికి ఆపరేషన్ నుంచే కాదు, ఆ విరామం నుంచి కూడా కోలుకునే టైమ్ ఇవ్వాలి.

ఏ కాలు, ఏ బండి అన్నదాన్ని బట్టి చాలా మారుతుంది. మన దగ్గర గేర్ల కారులో ఎడమ కాలు క్లచ్‌కి, కుడి కాలు మిగతా రెండింటికీ. ఎడమ మోకాలికి ఆపరేషన్ అయి, కారు ఆటోమేటిక్ అయితే ఆ కాలికి పనే లేదు. మత్తు తెచ్చే నొప్పి మాత్రలు ఆగి, సీట్లో ఇబ్బంది లేకుండా కూర్చోగలిగితే రెండు మూడు వారాలకే డాక్టర్లు సరేనంటారు. అమెరికాలో ఉన్న మన వాళ్లు ఎడమ మోకాలి తర్వాత అంత తొందరగా బండి తీశామని చెబితే అది నిజమే. అక్కడ దాదాపు అన్నీ ఆటోమేటిక్ బండ్లే. దాన్ని మన గేర్ల బండికి అన్వయించుకోకూడదు. పంజాగుట్ట ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద పావుగంట నిలబడటం ఎడమ మోకాలికి పెద్ద శిక్ష. ఎడమ మోకాలు, గేర్ల కారు అయితే నేను కుడి కాలికి ఇచ్చినంత గడువే ఇస్తాను. రెండు మోకాళ్లూ ఒకేసారి చేయించుకునేవాళ్లు మన దగ్గర ఎక్కువ. వాళ్లకు ఆనుకోవడానికి మంచి కాలంటూ ఉండదు కాబట్టి రెండు నెలలు దాటాకే ఆలోచించమంటాను. ఇంకో మాట. ఆటోమేటిక్ కారులో "కుడి కాలు నొప్పిగా ఉంది, ఎడమ కాలితో బ్రేక్ వేస్తా" అనేవాళ్లుంటారు. వద్దే వద్దు. ఏళ్ల తరబడి క్లచ్ తొక్కిన ఎడమ కాలికి సుతారంగా తొక్కడం తెలియదు. బండి ధడేల్న ఆగుతుంది, వెనక వచ్చేవాడు గుద్దుతాడు.

తుంటి మార్పిడి అయినవాళ్ల సంగతి వేరు, ఇదే ఆలోచనలో ఉన్నవాళ్ల కోసం అదీ చెబుతాను. అక్కడ బ్రేక్ ఒక్కటే సమస్య కాదు, సీటు కూడా సమస్యే. వెనక వైపు నుంచి ఆపరేషన్ చేసినవాళ్లకు మొదటి ఆరు వారాలు, కొందరికి మూడు నెలల దాకా, తుంటి 90 డిగ్రీలకు మించి వంగకూడదు, కాలు మీద కాలు వేయకూడదు, పాదం లోపలికి తిరగకూడదు. గీత దాటితే కొత్త కీలు జారిపోవచ్చు. చిన్న కార్లలో సీటు కిందికి ఉంటుంది. కూర్చోగానే తుంటి కన్నా మోకాళ్లు పైకి వస్తాయి, అంటే 90 దాటినట్టే. సీటు మీద గట్టి ఫోమ్ దిండు వేసి ఎత్తు పెంచాలి, సీటును పూర్తిగా వెనక్కి జరపాలి, వీపు భాగాన్ని కాస్త వాల్చాలి. కింద పడిన ఫోన్ కోసమో, టోల్ రసీదు కోసమో వంగడం ఆ గడువు దాటేదాకా మరిచిపోవాలి. ముందు వైపు నుంచి ఆపరేషన్ చేసినవాళ్లకు ఈ నియమాలు మారతాయి కాబట్టి మీకు ఏ పద్ధతిలో చేశారో సర్జన్‌ని అడిగి తెలుసుకోండి. కుడి తుంటి అయితే ఆరు వారాలకు ముందు నేనెవరినీ స్టీరింగ్ ముందు కూర్చోబెట్టను.

మాత్రల గురించి మీరు రాయలేదు, అదే నన్ను ఎక్కువ కలవరపెడుతోంది. ఆపరేషన్ చీటీలో ట్రమడాల్ ఉందేమో, రాత్రిపూట వేసుకునే ప్రీగాబలిన్ గానీ గాబాపెంటిన్ గానీ ఉందేమో చూడండి. ఇవి నిద్రమత్తు తెస్తాయి. రాత్రి వేసుకున్నది పొద్దున కూడా కొంత ఉంటుంది. "నాకేం మత్తుగా లేదు" అని వేసుకున్నవాళ్లే అంటారు, పక్కనున్నవాళ్లకు తెలుస్తుంది. ఇవి వాడుతున్నన్నాళ్లు డ్రైవింగ్ వద్దు. అలాగని బండి నడపడం కోసం మాత్రలు సొంతంగా ఆపేయకూడదు. డాక్టర్‌తో మాట్లాడి తగ్గించుకుంటూ రావాలి. మాత్ర మానేస్తే నొప్పి ఎక్కువై బ్రేక్ తొక్కలేకపోయినా ప్రమాదమే కదా.

చట్టం కూడా దీని గురించి మాట్లాడుతుంది. మోటారు వాహనాల చట్టం, 1988లో 186వ సెక్షన్ ప్రకారం, తన అనారోగ్యం వల్లో శారీరక స్థితి వల్లో తాను నడిపితే ఇతరులకు ప్రమాదమని తెలిసీ నడపడం నేరం. 2019 సవరణ తర్వాత మొదటిసారికి 1,000 రూపాయలు, ఆ తర్వాత 2,000 రూపాయల జరిమానా. బండిని అదుపు చేయలేనంతగా మత్తు తెచ్చే మందుల ప్రభావంలో ఉండి నడిపితే 185వ సెక్షన్, అది ఇంకా కఠినం. జరిమానా సంగతి అటుంచండి. ఏదైనా జరిగితే "ఈయనకు నడపడానికి ఎవరు అనుమతిచ్చారు?" అన్న ప్రశ్న వస్తుంది. అందుకే సర్జన్ దగ్గరికి వెళ్లినప్పుడు, నడపొచ్చని ఓపీ చీటీ మీద తేదీతో రాయించుకోమని అందరికీ చెబుతాను. బ్రిటన్‌లో ఉన్న మన వాళ్లయితే, ఆపరేషన్ అయిన 3 నెలల తర్వాత కూడా నడపలేని స్థితిలో ఉంటే అక్కడి లైసెన్స్ సంస్థకు తెలియజేయాలి.

ఇప్పుడు నాన్నగారు ఏం చేయాలో చెబుతాను. పెళ్లి నుంచి తిరిగి వచ్చాక మొదలుపెట్టండి. ముందు ఇంట్లో, గట్టి కుర్చీలో కూర్చుని, నేల మీద ఒక మందపాటి పుస్తకం పెట్టుకుని, కుడి పాదాన్ని దానికి ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు దాటించాలి. చెయ్యి తొడ మీదికి వెళ్లకూడదు. మెల్లగా మొదలుపెట్టి వేగం పెంచాలి. పాదం పుస్తకానికి తగులుతోందంటే తొడ ఇంకా సరిగ్గా లేవడం లేదన్నమాట. కుర్చీ చేతులు పట్టుకోకుండా పదిసార్లు లేచి కూర్చోగలగాలి. ఇవి రెండూ ఇబ్బంది లేకుండా వచ్చాక కారు దగ్గరికి వెళ్లండి.

కారును ఆరుబయట సమతలంగా ఉన్న చోట ఆపండి. న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్. ఇంజిన్ ఆపేసి, మాస్టారితో నేను చేసినట్టే మీరు పక్కన కూర్చుని, ఏదో మాట్లాడుతూ ఎప్పుడో "బ్రేక్" అనండి. పదిసార్లు. ఒకటి తెలుసుకోండి: ఇంజిన్ ఆపి ఉన్నప్పుడు రెండు మూడుసార్లు తొక్కగానే బ్రేక్ పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. బ్రేక్‌కి సాయం చేసే వాక్యూమ్ అయిపోవడం వల్ల అలా అవుతుంది. కాలిలో బలం లేదని నాన్నగారు బెంగపడనక్కర్లేదు. పాదం కదలికను ఇంజిన్ ఆపి చూడండి. తొక్కే బలాన్ని మాత్రం ఇంజిన్ స్టార్ట్ చేసి, అదే న్యూట్రల్‌లో చూడండి. పూర్తి బలంతో తొక్కి, ఐదు లెక్కపెట్టేదాకా పట్టి ఉంచాలి. ఆ ఐదు లెక్కల్లో ఆయన ముఖం వైపు చూడండి. పళ్లు బిగిస్తే, కనుబొమలు ముడిపడితే ఇంకో వారం ఆగండి.

ఇది కుదిరాక, ఏ ఆదివారమో తెల్లవారాక ఖాళీ గ్రౌండులో, లైసెన్స్ ఉన్నవాళ్లు పక్కన ఉండగా పావుగంట. గంటకు 20 వేగంలో నాలుగైదుసార్లు సడన్ బ్రేక్ వేసి చూడాలి. సాయంత్రానికి మోకాలు వాచిందా, వేడెక్కిందా చూసుకోవాలి. వాస్తే ఐస్ పెట్టుకుని రెండు రోజులు ఆగాలి. వాపు లేకపోతే కాలనీ రోడ్లు, తర్వాత పాల బూత్ దాకా, గుడి దాకా. అరగంట మించకుండా, పగటిపూట, వాన లేనప్పుడు. ఆపరేషన్ తర్వాత చాలామంది మెత్తటి ఎంసీఆర్ చెప్పులు వేసుకుంటారు, నడకకు అవి మంచివే. బండికి మాత్రం పనికిరావు. అడుగు మందంగా ఉండి పెడల్ స్పర్శ తెలియదు, మడమ దగ్గర వదులుగా ఉండి జారతాయి. వెనక పట్టీ ఉన్న పలచటి అడుగు బూట్లు వేసుకోమనండి. హైవే అన్నది అన్నిటికన్నా చివర. సిటీలో రెండు వారాలు హాయిగా నడిపాక వెళ్లొచ్చు.

స్కూటర్ కూడా ఉందని రాశారు. దాని మీద నా మాట చాలామందికి నచ్చదు. మూడు నెలల దాకా తాళం మీ దగ్గరే పెట్టుకోండి. స్కూటర్‌కి బ్రేకులు చేతుల్లోనే ఉంటాయి కదా, కాలితో పనేముంది అంటారు. పనంతా బండి ఆగినప్పుడే. నూరు కిలోల పైన ఉండే బండి గుంతలోనో ఇసుకలోనో పక్కకు ఒరిగితే ఆ బరువంతా ఒక్క కాలు మీద, అదీ మెలి తిరుగుతూ పడుతుంది. పడిపోతే కొత్త కీలు చుట్టూ ఉన్న ఎముక విరగొచ్చు. అది మొదటి ఆపరేషన్ కన్నా కష్టమైన ఆపరేషన్. సెంటర్ స్టాండ్ వేయడం, కిక్ కొట్టడం కూడా అప్పటిదాకా వద్దు. తుంటి అయినవాళ్లు బైకు మీదుగా కాలు తిప్పి ఎక్కడం, ఆడవాళ్లు ఒకవైపు కాళ్లు పెట్టి వెనక కూర్చోవడం, ఇవి డాక్టర్ ప్రత్యేకంగా సరేనన్నాకే. ఊళ్లో ట్రాక్టర్ నడిపేవాళ్లు కూడా నన్ను అడుగుతుంటారు. ట్రాక్టర్ క్లచ్ కారు క్లచ్ కన్నా చాలా బరువు, ఎక్కే మెట్టు ఎత్తు, దుక్కిలో కుదుపు. దానికీ మూడు నెలల లోపు నేను ఒప్పుకోను.

ఇక పెళ్లి ప్రయాణం. ముందు ఎడమ సీటును పూర్తిగా వెనక్కి జరిపి కాస్త వాల్చండి. కారును ఫుట్‌పాత్‌కి ఆనించి ఆపకండి. ఎత్తు మీంచి కూర్చోవాలంటే సీటు ఇంకా కిందికైపోతుంది. రోడ్డు మీద నిలబడి కూర్చునేలా ఆపండి. నాన్నగారు సీటుకు వీపు తిప్పి, కాళ్ల వెనక భాగం కారుకు తగిలేదాకా వెనక్కి జరగాలి. ఆపరేషన్ కాలు ముందుకు చాపి, తలుపు కాకుండా కారు ఫ్రేము పట్టుకుని కూర్చోవాలి. తలుపు కదులుతుంది, నమ్మకూడదు. తర్వాత రెండు కాళ్లూ కలిపి లోపలికి తిప్పాలి. సీటు మీద పలచటి ప్లాస్టిక్ కవర్ వేస్తే సులువుగా జరుగుతారు. బండి కదిలేముందు ఆ కవర్ తీసేయడం మరవకండి, ఉంటే బ్రేక్ పడ్డప్పుడు ముందుకు జారతారు.

గంటకోసారి ఆగండి. చౌటుప్పల్, సూర్యాపేట, కోదాడ, నందిగామ, ఎక్కడైనా సరే. దిగగానే నడవకుండా కారు పట్టుకుని ఒక నిమిషం నిలబడి, తర్వాత ఐదు నిమిషాలు నడవాలి. కూర్చున్నంతసేపూ పాదాలను మడమల దగ్గర పైకీ కిందికీ ఆడిస్తూ ఉండాలి. ఆపరేషన్ తర్వాత మొదటి మూడు నెలలు కాలి రక్తనాళాల్లో రక్తం గడ్డకట్టే ముప్పు మామూలు కన్నా ఎక్కువ, గంటల తరబడి కదలకుండా కూర్చుంటే ఇంకా పెరుగుతుంది. రక్తం పలచబడే మాత్ర డాక్టర్ ఇంకా ఆపమనకపోతే ప్రయాణం రోజు మానకండి. పిక్క బిగుసుకుని నొప్పెట్టినా, ఒక కాలు ఉన్నట్టుండి ఎక్కువ వాచినా, ఆయాసం గానీ ఛాతీలో నొప్పి గానీ వచ్చినా దగ్గర్లో ఉన్న ఆసుపత్రికి వెంటనే తీసుకెళ్లండి. ఇంటికెళ్లాక చూద్దాం అనుకోవద్దు.

నాన్నగారితో మాట్లాడేటప్పుడు "మీకు చేతకాదు" అన్నట్టు వినిపించకుండా చూసుకోండి. ముప్పై నలభై ఏళ్లు అందరినీ ఎక్కించుకుని తిప్పిన మనిషికి పక్క సీట్లో కూర్చోవడం చాలా కష్టంగా ఉంటుంది. అది నొప్పి కన్నా ఎక్కువ బాధపెడుతుందని నాతో చెప్పుకున్నవాళ్లున్నారు. బయలుదేరే ముందు రోజు కారులో కూర్చోబెట్టి ఆ "బ్రేక్" పరీక్ష ఒక్కసారి పెట్టండి. తన కాలు ఎలా కదిలిందో ఆయనే చూసుకుంటారు, మీరు వాదించాల్సిన పని ఉండదు. ఆయన చీటీలో ఉన్న మాత్రల పేర్లు, మోకాలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో రాయండి. దాన్ని బట్టి తొడ కండరానికి ఏ వ్యాయామాలు పెంచాలో చెబుతాను.